ఆన్‌లైనా, క్లాసా? భాష నేర్చుకునేవాళ్లు ఒక్కో సర్వేలో ఒక్కో మాట ఎందుకు చెబుతారు

ఒక సర్వే ఫారంలో ప్రశ్న ఇలా ఉందనుకోండి: ‘ఆన్‌లైన్‌లో భాష నేర్చుకోవడం మీకు నచ్చిందా? 1 నుంచి 5 లోపు మార్కు వేయండి.’ ఒకమ్మాయి 4 వేసింది, రోజూ రెండు బస్సులు మారే బాధ తప్పింది కాబట్టి. ఇంకో అబ్బాయీ 4 వేశాడు, కెమెరా ఆపేసి వేరే పని చూసుకోవచ్చు కాబట్టి. మూడో మనిషిదీ 4. తాను తప్పు మాట్లాడితే వెనక బెంచీ నుంచి కిసుక్కున నవ్వేవాళ్లు లేరన్నది ఆయన సంతోషం. ముగ్గురి సగటు 4. నివేదికలోకి మాత్రం ‘విద్యార్థులు ఆన్‌లైన్ వైపే మొగ్గుతున్నారు’ అన్న ఒక్క ముక్క ఎక్కుతుంది.

కొన్నాళ్లకు ఇంకో సర్వే వస్తుంది. భాష అంటే క్లాసులో కూర్చుని నేర్చుకోవాల్సిందే అని అందులో ఎక్కువమంది చెప్పి ఉంటారు. చదివేవాళ్లకు ఈ రెండింట్లో ఏదో ఒకటి తప్పై ఉండాలి అనిపిస్తుంది. చాలాసార్లు రెండూ తప్పు కావు. పైకి ఒకే ప్రశ్నలా ఉన్నా, జవాబిచ్చినవాళ్లు తలా ఒక ప్రశ్నకు జవాబిచ్చారు. కొందరు సౌకర్యం గురించి, కొందరు భయం గురించి, ఇంకొందరు తమకు భాష వచ్చిందా లేదా అన్నదాని గురించి.

‘ఆన్‌లైన్’ అనే సంచీలో ఏమేం ఉన్నాయి

ముందు ఈ మాటను విప్పి చూడాలి. టీచరు ఒక టైముకి వీడియో కాల్‌లోకి వచ్చి అందరికీ కలిపి చెప్పేది లైవ్ క్లాసు. ముందే రికార్డు చేసి పెట్టిన పాఠాలను మనకు కుదిరినప్పుడు చూసుకునేది ఇంకో రకం. ఫోన్‌లో పదాలు, వాక్యాలు ఆటలా నేర్పే యాప్‌లు మూడో రకం. 2012లో అందరికీ అందుబాటులోకి వచ్చిన డువోలింగో అలాంటిదే. ఒక టీచరు, ఒకే విద్యార్థి తెర మీద మాట్లాడుకునే వన్-టు-వన్ ట్యూషన్ మరొకటి. ఈ నాలుగింటి మధ్య పోలిక చాలా తక్కువ. అయినా సర్వేల్లో తరచుగా నాలుగింటికీ కలిపి ఒకే పేరు పెడతారు.

వీటికి తోడు 2020 నాటి అనుభవం ఉంది. కొవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు, యునెస్కో లెక్క ప్రకారం ఆ ఏప్రిల్ నాటికి ప్రపంచవ్యాప్తంగా 150 కోట్లకు పైగా విద్యార్థుల మీద ఆ దెబ్బ పడింది. బోర్డు ముందు నిలబడి చెప్పడం అలవాటైన టీచర్లు రాత్రికి రాత్రి ల్యాప్‌టాప్ ముందుకు వచ్చారు. ఇది అసలు ఆన్‌లైన్ విద్య కాదు, ‘ఎమర్జెన్సీ రిమోట్ టీచింగ్’ అని విద్యా పరిశోధకుడు చార్లెస్ హాడ్జెస్, ఆయన సహచరులు ఆ మార్చిలోనే రాశారు. నెలల తరబడి ప్రణాళిక వేసి తయారుచేసిన కోర్సునూ, గత్యంతరం లేక తెర మీదికి ఎక్కించిన క్లాసునూ ఒకే గాటన కట్టొద్దన్నది వాళ్ల మాట. చాలామంది విద్యార్థుల మనసులో ఆన్‌లైన్ అంటే ఇప్పటికీ ఆ రెండో రకమే. కాబట్టి ఒక సర్వే ఫలితం చూస్తున్నప్పుడు అది ఏ సంవత్సరంలో చేశారన్నది చిన్న విషయం కాదు.

భాషలో ఏ ముక్క గురించి అడుగుతున్నాం?

చరిత్ర పాఠం తెలిస్తే చాలు. భాష తెలిస్తే చాలదు, అవసరమైన క్షణంలో నోటికి రావాలి. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అనే నాలుగు పనుల్లో ఒక్కోదానికి ఒక్కో రకం సాధన కావాలి.

పదాలు గుర్తుపెట్టుకోవడం యంత్రానికి బాగా అబ్బిన పని. నేర్చుకున్నది ఎంత వేగంగా మరిచిపోతామో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించారు. మరిచిపోయే ముందు మళ్లీ గుర్తుచేయడం, ఆ గుర్తుచేసే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం మంచి ఉపాయం. నలభై మందిలో ఎవరికి ఏ పదం ఎప్పుడు గుర్తుచేయాలో ఒక టీచరు లెక్క పెట్టుకోలేరు, యాప్ పెట్టుకోగలదు. వ్యాకరణం విషయంలో రికార్డెడ్ పాఠానికి ఒక సుఖముంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి పదిసార్లు వినొచ్చు. క్లాసులో పదిసార్లు చేయెత్తే ధైర్యం ఎవరికుంటుంది?

ఉచ్చారణ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. తెలుగు నేర్చుకుంటున్న ఒకాయనకు ‘కల’, ‘కళ’ మధ్య తేడా చెప్పాల్సి వచ్చిందనుకోండి. ళ పలికేటప్పుడు నాలుక వెనక్కి మడుస్తాం. ఆ మడత బయటికి కనిపించదు, చెవే పట్టుకోవాలి. ధ్వనిలోని సన్నని తేడాలు కొన్ని పై పౌనఃపున్యాల్లో ఉంటాయి. పాతకాలపు టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా మాత్రమే మోసేది. అందుకే ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పేటప్పుడు ఎస్సో ఎఫ్ఫో తేలక మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చేది. వీడియో కాల్‌లు అంతకంటే చాలా మెరుగు. కానీ నెట్ బలహీనపడితే ముందు బొమ్మ, ఆ తర్వాత గొంతు నలుగుతాయి. ఆ రోజు ఉచ్చారణ క్లాసు ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌కి 2 మార్కులు వేస్తారు. వ్యాకరణం క్లాసు ఉన్నవాళ్లకు ఆ లోటే తెలియకపోవచ్చు.

గంట క్లాసులో మీ నోటికి దక్కే వంతు

ఇక మాట్లాడడం. ఇక్కడ ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే గానీ, క్లాసుల్లో కూర్చున్నవాళ్లకు కొత్తగా అనిపించవు.

గంట క్లాసు, 20 మంది విద్యార్థులు. టీచరు అరగంట మాట్లాడితే 30 నిమిషాలు మిగులుతాయి. ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడితే ఒక్కొక్కరికి నిమిషంన్నర. అదే టీచరు అందరినీ జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడుకోమంటే, ఆ 30 నిమిషాల్లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు. గది అదే, టీచరు అదే, వంతు మాత్రం పది రెట్లు.

ఇప్పుడు అదే క్లాసును వీడియో కాల్‌లో పెట్టండి. ‘నా మాట వినిపిస్తోందా?’, ‘మీరు మ్యూట్‌లో ఉన్నారు’ వంటివాటికి ఐదు నిమిషాలు పోయాయనుకుందాం. మిగిలిన 25 నిమిషాలను 20 మంది పంచుకుంటే తలా నిమిషం పావు. కాల్ లోపలే విడి గదుల్లా ఉండే బ్రేకౌట్ రూముల్లోకి ఇద్దరిద్దరిని పంపి వెనక్కి రప్పించడానికి ఇంకో ఐదు నిమిషాలు పోయినా, తలా 10 నిమిషాలు దక్కుతాయి. వన్-టు-వన్ ట్యూషన్ అయితే అరగంటలోనే 15 నిమిషాలు.

అంటే ఆన్‌లైన్‌లో వంతు నిమిషం పావు నుంచి 15 నిమిషాల దాకా మారుతోంది. క్లాసులో నిమిషంన్నర నుంచి 15 దాకా. రెండింటి మధ్య ఉన్న తేడా కంటే, ఒక్కోదాని లోపల ఉన్న తేడా ఎక్కువ. మొత్తం ఈ వ్యవహారంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. సర్వేలు మాత్రం దీన్ని అడగనే అడగవు.

లెక్కకు అందని తేడా ఒకటుంది, అదీ చెప్పుకోవాలి. గదిలో పది జంటలు మాట్లాడుకుంటుంటే టీచరు నడుస్తూ నాలుగైదు జంటల మాటలు ఒక చెవిన వేసుకోగలరు. ఎక్కడ గొంతులు ఆగిపోయాయో గది మోతలోనే తెలిసిపోతుంది. బ్రేకౌట్ రూముల్లో అయితే ఒక రూములో ఉన్నంతసేపూ మిగతా తొమ్మిదింట్లో ఏం జరుగుతోందో తెలియదు. సొంత భాషలో కబుర్లు నడుస్తుండొచ్చు. ఇద్దరూ మ్యూట్‌లో ఒకరి పేరు ఒకరు చూసుకుంటూ కూర్చునీ ఉండొచ్చు.

టెన్షన్ ఎటు పోతుంది

పరాయి భాష మాట్లాడాలంటే వచ్చే బెదురు మామూలు సిగ్గు కాదు. అది వేరే రకం ఆందోళన అంటూ ఎలేన్ హార్విట్జ్, మైకేల్ హార్విట్జ్, జోఆన్ కోప్ 1986లో ఒక కొలబద్ద తయారుచేశారు. అందులో 33 వాక్యాలుంటాయి, ఒక్కోదాన్ని ఎంత ఒప్పుకుంటారో చెప్పాలి. బెదురు ఎక్కువైతే ఎంత మంచి పాఠం విన్నా లోపలికి దిగదని భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980ల్లో వాదించారు. ఆ అడ్డుకు ‘అఫెక్టివ్ ఫిల్టర్’ అని పేరు. ఆ సిద్ధాంతం మీద విమర్శలు చాలానే ఉన్నాయి గానీ, నోరు ఎండిపోయిన అనుభవం ఉన్నవాళ్లు దాన్ని వెంటనే నమ్ముతారు.

మరి ఆన్‌లైన్‌లో ఆ టెన్షన్ తగ్గుతుందా? కొన్ని రకాలది తగ్గుతుంది. నలుగురిలో లేచి నిలబడే పని లేదు. చాట్‌లో టైప్ చేయొచ్చు, పంపేముందు ఒకసారి దిద్దుకోవచ్చు. క్లాసులో ఏడాదంతా నోరు విప్పనివాళ్లు చాట్‌లో గలగలమంటారని చెప్పే టీచర్లు ఉన్నారు. అయితే ఇంకో రకం టెన్షన్ మొదలవుతుంది. వీడియో కాల్‌లో మనిషి అలసిపోవడానికి కారణాలుగా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో నాలుగు చెప్పారు: మరీ దగ్గరగా కనిపించే కళ్లు, ఎదుటివారి సైగలు అర్థం చేసుకోవడానికి పడే అదనపు శ్రమ, మన ముఖాన్ని మనమే చూసుకుంటూ ఉండడం, కదలకుండా ఒకచోటే కూర్చోవాల్సి రావడం. వీటిలో మూడోది భాష నేర్చుకునేవాళ్లను ఎక్కువగా పీడిస్తుందనిపిస్తుంది. పలకని శబ్దం కోసం మూతి వంకర్లు తిప్పుతూ, ఆ వంకర్లను తెర మీద తామే చూసుకోవాలి మరి.

ఐదో వంతు సెకను

2009లో తాన్యా స్టైవర్స్, ఆమె సహచరులు పది భాషల్లో సంభాషణలు కొలిచారు. ఒకరు ప్రశ్న ముగించాక ఇంకొకరు జవాబు మొదలుపెట్టడానికి పట్టే ఖాళీ సగటున 200 మిల్లీసెకన్ల చుట్టుపక్కలే ఉంది. అంటే సెకనులో ఐదో వంతు. ఎదుటివాళ్లు ముగించకముందే మనం జవాబు సిద్ధం చేసుకుంటున్నామన్నమాట.

కొత్తగా భాష నేర్చుకునేవాళ్లకు ఆ వేగం ఎలాగూ ఉండదు. దానికి నెట్ ఆలస్యం తోడైతే ఏమవుతుందో చూడండి. ప్రశ్న వచ్చింది. విద్యార్థి మనసులో వాక్యం పేర్చుకుంది. కర్త అయింది, క్రియ దొరికింది, కాలం సరిచూసుకుంది. మ్యూట్ తీసి మొదటి అక్షరం పలికేలోపు ఇంకొకరు మొదలుపెట్టారు. ఇద్దరూ ఆగారు. ‘మీరు చెప్పండి.’ ‘లేదు లేదు, మీరే చెప్పండి.’ ఈ మర్యాదలు కూడా నేర్చుకుంటున్న భాషలోనే చెప్పాలి. అవి అయ్యేసరికి పేర్చుకున్న వాక్యం కూలిపోయింది. ఆమె మళ్లీ మ్యూట్ నొక్కింది. గదిలో అయితే ఆమె ఊపిరి పీల్చిన తీరు, కాస్త ముందుకు వంగిన తీరు చూసి పక్కవాళ్లు ఆగి ఉండేవాళ్లు.

‘క్లాసే బాగుంటుంది’ అన్న జవాబు వెనక చాలాసార్లు ఇలాంటి చిన్న కూలిపోవడాలు ఉంటాయి. ఫారంలో వాటికి గడి ఉండదు.

అడ్డు వచ్చేది తెరేనా?

దీనికి పసిపిల్లల మీద జరిగిన రెండు పరిశోధనలు మంచి ఆధారం ఇస్తాయి. పట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకు 12 విడతల్లో చైనా భాష మాండరిన్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడాను పట్టుకున్నారు. అవే మాటలను రికార్డింగ్‌లో విన్న, చూసిన పిల్లలకు ఏమీ అబ్బలేదు. ‘చూశారా, భాషకు తెర పనికిరాదు’ అనడానికి చాలాకాలం దీన్నే చూపించారు.

సారా రోజ్‌బెరీ, కాథీ హర్ష్-పాసెక్, రోబర్టా గోలింకాఫ్ 2014లో ప్రచురించిన పరిశోధన ఆ వాదాన్ని మలుపు తిప్పింది. రెండేళ్ల వయసు పిల్లలకు కొత్త క్రియాపదాలు నేర్పారు. కొందరికి ఎదురుగా ఉండి, కొందరికి వీడియో కాల్‌లో, ఇంకొందరికి రికార్డు చేసిన వీడియోతో. ఎదురుగా నేర్చుకున్నవాళ్లూ, వీడియో కాల్‌లో నేర్చుకున్నవాళ్లూ పదాలు పట్టుకున్నారు. రికార్డింగ్ చూసినవాళ్లు పట్టుకోలేదు. తెర రెండుచోట్లా ఉంది. తేడా ఏమిటంటే, వీడియో కాల్‌లోని మనిషి ఆ పిల్ల చేసేదానికి బదులు పలికింది.

పసిపిల్లలకు వర్తించింది పెద్దవాళ్లకూ యథాతథంగా వర్తిస్తుందని అనలేం. పెద్దవాళ్లు పుస్తకం నుంచీ రికార్డింగ్ నుంచీ కూడా నేర్చుకోగలరు. కానీ విద్యార్థుల అభిప్రాయాలను ఈ కోణం నుంచి చూస్తే చిక్కుముడి కొంత వీడుతుంది. గది ఒకవైపు, తెర ఒకవైపు పెట్టి చూస్తే జవాబులు పొసగవు. ‘నాకు బదులు పలికేవాళ్లున్నారు’, ‘లేరు’ అని విడదీస్తే చాలావరకు పొసగుతాయి. దూరవిద్య మీద రాసిన మైకేల్ మూర్ దూరాన్ని కిలోమీటర్లలో కాక, టీచరుకూ విద్యార్థికీ మధ్య ఎంత సంభాషణ ఉందన్నదాన్ని బట్టి చూడాలన్నారు. ఆ లెక్కన రెండొందల మంది కూర్చున్న హాల్లో ఆఖరి బెంచీ, వన్-టు-వన్ వీడియో కాల్ కంటే చాలా దూరం.

వచ్చిందనిపించడం వేరు, రావడం వేరు

నచ్చిందంటే నేర్చుకున్నట్టేనా? హార్వర్డ్‌లో లూయీ డెలోరియే బృందం 2019లో ప్రచురించిన ప్రయోగం భౌతికశాస్త్రం క్లాసుల్లో జరిగింది, భాషా క్లాసుల్లో కాదు. అయినా ఇక్కడ చెప్పుకోదగ్గది. ధారాళమైన ఉపన్యాసం విన్నవాళ్లు తాము ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. తామే లెక్కలతో కుస్తీపట్టినవాళ్లు తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్షలో కుస్తీపట్టినవాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చాయి. కష్టపడడాన్ని మనసు ‘నాకు రావట్లేదు’ అని చదువుకుంటుందన్నమాట.

నేనూ ఒక భాష కోసం యాప్ పట్టుకుని మూడు నెలలకు పైగా ఒక్కరోజూ వదలకుండా చేశాను. ఆకుపచ్చ టిక్కులు పడుతుంటే గర్వంగానే ఉండేది. ఆ భాష మాట్లాడే ఒకాయన టైమెంతైందని అడిగితే నవ్వి చేతి గడియారం చూపించాను. ఆ వారం నాకు సర్వే ఫారం ఇచ్చి ఉంటే, ఆయన్ని కలవకముందు 5, కలిశాక 2 వేసేవాణ్ణి. అలాగని యాప్ మోసం చేసిందనడం న్యాయం కాదు. అది పదాలను గుర్తుపట్టడం నేర్పింది, నేను దాన్ని మాట్లాడడం అనుకున్నాను.

సర్వేకు అందనివాళ్లు

సర్వే సాధారణంగా కోర్సు చివర్లో చేస్తారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఊహాలెక్కగానే చూద్దాం. ఆన్‌లైన్ కోర్సులో 100 మంది చేరి 30 మంది చివరిదాకా ఉన్నారు. వాళ్లలో 24 మంది బాగుందన్నారు, అంటే 80 శాతం. క్లాసులో 100 మంది చేరి 80 మంది మిగిలారు. వాళ్లలో 56 మంది బాగుందన్నారు, అంటే 70 శాతం. ‘ఆన్‌లైన్‌కే ఎక్కువ ఆదరణ’ అని శీర్షిక పెట్టొచ్చు. చేరిన వందమందితో పోలిస్తే మాత్రం తృప్తిగా బయటపడ్డది ఇటు 24 మంది, అటు 56 మంది.

పెద్ద ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవాళ్లలో కొద్దిమందే పూర్తిచేస్తారన్నది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఈ లెక్క మరీ అతిశయోక్తి కాదు. అయితే ఆన్‌లైన్ పక్షంవాళ్లు చెప్పే సమాధానమూ వినాలి. మానేసినవాళ్లందరూ విసిగి మానేయలేదు, కొందరు తమకు కావాల్సిన నాలుగు పాఠాలు చూసుకుని వెళ్లిపోయారు అంటారు వాళ్లు. ఫీజు కట్టి, హాజరు పడుతుందని క్లాసుకు వచ్చేవాళ్లు ఇష్టపడే ఉన్నారని మాత్రం ఎలా అనగలం?

లారీ వాదం, దానికి ఎదురువాదం

పాఠం ఏ మాధ్యమంలో చేరిందన్నది అసలు ముఖ్యమా? పరిశోధకుల మధ్య ఇది పాత తగాదాయే. రిచర్డ్ క్లార్క్ 1983లో ఒక పోలిక తెచ్చారు. మాధ్యమం సరుకులు మోసుకొచ్చే లారీ లాంటిది, లారీ మారినంత మాత్రాన తినేవాళ్ల ఒంట్లో పోషణ మారదు అన్నారు. ఫలితం బోధన పద్ధతిని బట్టే ఉంటుందని ఆయన ఉద్దేశం. రాబర్ట్ కోజ్మా దీన్ని ఒప్పుకోలేదు. కొన్ని పద్ధతులు కొన్ని మాధ్యమాల్లోనే సాధ్యం కాబట్టి రెండింటినీ విడదీయలేమన్నది ఆయన వాదం. వెనక్కి తిప్పి వినడం, ఊపిరి చూసి ఆగడం మనం పైన చూశాం. మొదటిది గదిలో కుదరదు, రెండోది తెర మీద కష్టం. ఇద్దరికీ ఎంతో కొంత బలముంది.

1996 నుంచి 2008 దాకా వచ్చిన పరిశోధనలను అమెరికా విద్యాశాఖ జల్లెడపట్టించి ఒక నివేదిక వేసింది. అన్ని సబ్జెక్టులూ కలిపి సగటున ఆన్‌లైన్ విద్యార్థులు కాస్త మెరుగ్గా ఉన్నారనీ, రెండూ కలిపి చదివినవాళ్లలో ఆ మెరుగు ఇంకా స్పష్టంగా ఉందనీ తేలింది. అలా కలిపి చదివినవాళ్లకు తరచుగా అదనపు సమయం, అదనపు సామగ్రి కూడా దక్కాయి కాబట్టి ఆ ఘనతంతా ఆన్‌లైన్‌కు కట్టబెట్టొద్దని నివేదిక రాసినవాళ్లే హెచ్చరించారు. నివేదికను ఉదహరించేవాళ్లు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంటారు.

కలపడంలోనూ రెండు రకాలు

పదాలు, వ్యాకరణం ఇంట్లో తెర మీద చూసుకుని, మాట్లాడడానికి క్లాసుకు రావడం ఒక పద్ధతి. దీన్ని బ్లెండెడ్ అంటారు. సగం మంది గదిలో, సగం మంది అదే సమయంలో తెర మీద ఉండే పద్ధతికి హైబ్రిడ్ అనే మాట ఎక్కువగా వాడుతున్నారు. పేర్లు కలిసిపోతుంటాయి గానీ అనుభవం పూర్తిగా వేరు. రెండోదాంట్లో టీచరు గదివాళ్లను చూస్తే తెరవాళ్లకు వీపు కనిపిస్తుంది, తెర వైపు తిరిగితే గదిలో గుసగుసలు మొదలవుతాయి. గదిలో పేలిన జోకు తెర మీదివాళ్లకు నవ్వుల మోతగా మాత్రమే చేరుతుంది. ‘రెండూ కలిపితే ఎలా ఉంది?’ అని అడిగినప్పుడు ఒకరు మొదటి పద్ధతిని తలచుకుని 5 వేస్తారు, ఇంకొకరు రెండోదాన్ని తలచుకుని 1 వేస్తారు.

ఇప్పుడు వీటి పక్కన మాట్లాడే యంత్రాలు వచ్చి చేరాయి. 2023 మార్చిలో డువోలింగో, జీపీటీ-4 అనే ఏఐ సాయంతో పాత్రలతో సంభాషించే సదుపాయాన్ని తెచ్చింది. ఆ తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. ఇది బదులు పలుకుతుంది, విసుక్కోదు, నవ్వదు, అర్ధరాత్రి అయినా సిద్ధంగా ఉంటుంది. రికార్డింగ్‌కి లేని గుణం దీనికి ఉంది, క్లాసులోని భయం దీనిలో లేదు. మరి ఈసారి సర్వేలో దీన్ని ఏ గడిలో వేయాలి? ఆన్‌లైన్ అనే గడిలోనే వేస్తారు, అనుమానం లేదు. మొదట్లో చూసిన మూడో మనిషికి ఇది దొరికితే 4 కాస్తా 5 అవుతుంది. క్లాసు అయ్యాక మెట్ల మీద ఇంకో పావుగంట కబుర్లాడుతూ ఆ భాషలో మొదటిసారి వాదనకు దిగిన ఇంకో అమ్మాయి మాత్రం ఆన్‌లైన్‌కి వేసిన తన 2 మార్చకపోవచ్చు.